బీడీ, కడ్డిపుడి రెండూ ఒకే దినం వదలాల



పురుగుల షెడ్డులో బీడీ తాగకూడదని మనకందరికీ తెలుసు. చాకీ తెచ్చిన దినం నుంచి గూడు విడిపించే దినం దాకా లోపల ఎవరూ అగ్గిపుల్ల గీయరు. కొత్తగా కూలికి వచ్చినోడు తెలియక ముట్టిస్తే ఇంటాయనే అరిచి బయటికి పంపిస్తాడు. పంపించి, తానూ వాని వెనకాలే పోయి అరుగు మీద కూర్చొని ఒకటి ముట్టిస్తాడు. పురుగుకు పడని పొగ మనిషికి ఎట్ల పడుతుందని ఆ అరుగు మీద ఎవరూ అడగరు.

నేను ఈసారి రాసేది దాని గురించే. బీడీ చెడ్డదని చెప్పడానికి కాదు, ఆ మాట ప్యాకెట్టు మీద బొమ్మే చెప్తుంది. నా మాట వేరే. ఒక ఇంట్లో బీడీ పోవాలంటే, ఆ ఇంట్లో ఉండే కడ్డిపుడి కూడా అదే దినం పోవాల. మొగుడూ పెండ్లాం ఇద్దరూ కలిసి, పంట లెక్క చూసుకొని వదలాల. మొగుడు వదిలేది, పెండ్లాం కాపలా కాసేది అనే పద్ధతి మన ఇండ్లల్లో నడవదు.

ఎందుకు నడవదో చెప్తాను. మా ఊర్లో, చుట్టుపక్కల ఊర్లలో నేను చూసిన కాపలా ఎట్లుంటుందంటే, బీడీ కట్ట దాచిపెట్టేది, అంగడాయనకు "మా ఆయనకు ఇయ్యొద్దు" అని చెప్పేది, పిల్లోన్ని పంపి "నాయన నోరు వాసన చూసి రా" అనేది. ఆయన ఏం చేస్తాడు? బోరు కాడికి పోయి తాగుతాడు. ఆకు కోసే వంకతో తోటలోకి పోయి తాగుతాడు. ఇంట్లో తాగే బీడీ దొంగ బీడీ అయింది గానీ తగ్గలేదు. పైగా ప్రతి దినం జగడం. జగడమైన ప్రతిసారీ ఇంకో రెండు ఎక్కువ. చివరికి ఆయన ఒకే మాట అంటాడు, "ముందు నీ నోట్లో ఉండేది ఊసిరా, ఆమీద నాకు చెప్పు". ఆ మాటకు మన దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ మాట న్యాయమైనదే.

అక్కలారా, ఇక్కడ మన గురించి కొంచెం మాట్లాడుకోవాల. బీడీని పొగాకు అంటాము. మనం ఆకువక్కలో వేసుకునే చిటికెడును మాత్రం పొగాకు అనము, "కొంచెం పుడి" అంటాము. కేంద్ర ప్రభుత్వం 2016-17లో దేశమంతా చేయించిన పొగాకు సర్వేలో పెద్దవయసు ఆడవాళ్లలో పొగ తాగేవాళ్లు నూటికి 2 మంది, నమిలేవాళ్లు నూటికి దాదాపు 13 మంది అని తేలింది. అంటే ఆడవాళ్ల పొగాకు కండ్లకు కనిపించే పొగలో లేదు, చెంగుకు కట్టుకున్న పొట్లంలో ఉంది. అది మనకు ఎట్ల అంటుకుందో కూడా తెలుసు. పంటి నొప్పికని ఎవరో పెద్దామె ఇస్తుంది. కాన్పు అయినాక అత్త ఇస్తుంది. తెల్లవారి ఐదు గంటలకు వట్టి కడుపుతో మల్బరీ కొమ్మలు కోయడానికి పోతే ఆకలి తెలియకుండా ఉంటుందని వేసుకుంటాము. ఆకలిని చంపేది సంగటి కాదు, పుడి అయిపోతుంది.

పురుగుల దిక్కు నుంచి చూసినా ఇది చిన్న సంగతి కాదు. పొగాకులో ఉండే నికోటిన్ పురుగులను చంపే మందు. మన తాతల కాలంలో పొగాకు కషాయం కాచి పైరుకు కొట్టేవాళ్లు గదా. పట్టుపురుగు కూడా పురుగే. పొగాకు తోట పక్కన మల్బరీ పెట్టొద్దని చెప్పేది అందుకే. నికోటిన్ తగిలిన పురుగు మేత వదిలేస్తుంది, తల ఎత్తి అటూ ఇటూ ఊపుతుంది, పచ్చగా నీళ్లు కక్కుతుంది. మనం పుడి నలిపిన చేయి కడుక్కోకుండా ఆకు ముడితే, షెడ్డు బయట బీడీ తాగి అట్లనే లోపలికి వచ్చి మేత వేస్తే, బ్లీచింగు, సున్నం, విజేత పొడి అని అంత దుడ్డు పెట్టి చేసిన శుభ్రానికి అర్థమేముంది? షెడ్డులో ఎక్కువ పొద్దు ఉండేది ఆడవాళ్ల చేతులు. కాబట్టి ఆయన బీడీ ఎంత లెక్కో మన పుడి కూడా అంతే లెక్క.

ఇప్పుడు ఇద్దరూ కలిసి వదలాలని ఎందుకంటున్నానో దానికొక లెక్క ఉంది. ఇంగ్లండులో యాభై దాటిన మూడు వేలకు పైగా జంటలను చాలా ఏండ్లు గమనించి 2015లో ఒక పరిశోధన అచ్చు వేశారు. పొగ తాగే ఆడవాళ్లలో, మొగుడు తాగుతూనే ఉంటే వదలగలిగింది నూటికి 8 మంది. మొగుడికి ఆ అలవాటే లేకుంటే 17 మంది. మొగుడు కూడా అదే సమయంలో వదిలి ఉంటే 50 మంది. మగవాళ్లలో కూడా పెండ్లాం కలిసి వదిలితే దాదాపు సగం మంది వదిలినారు. ఇందులో నేను గుర్తు పెట్టుకున్నది నడిమి లెక్క. అలవాటే లేని మంచి మనిషి పక్కన ఉండేదానికంటే, మనతోపాటు కష్టపడే మనిషి పక్కన ఉంటే ఎక్కువ బలం. పక్కన కూర్చొని బుద్ధి చెప్పేవాళ్ల కంటే, పక్కన నడిచేవాళ్లు కావాల.

మా ఇంటాయన బీడీ, నేను కడ్డిపుడి వదిలి మూడేండ్లయింది. మాకు పనికొచ్చింది రాస్తాను. మీకు పనికొచ్చేది తీసుకోండి.

మొదటి ప్రశ్న, ఏ దినం వదలాల? అందరూ ఉగాదికి, సంక్రాంతికి అని పెట్టుకుంటారు. పండగ దినం ఇంటి నిండా చుట్టాలు, తిండి, ఆకువక్క తట్ట. ఆ దినం వదిలేది కష్టం. నా అభిప్రాయంలో మన పనివాళ్లకు సరైన దినం ఒకటే, గూడు అమ్మినాక షెడ్డు కడిగే దినం. లెక్క చూడండి. పొగాకు మానినాక మొదటి మూడు దినాలు చాలా కష్టం. ఒక వారం దాకా చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, మలబద్ధకం ఉంటాయి. మూడు, నాలుగు వారాలకు చాలావరకు తగ్గిపోతాయి. మన లెక్క చూస్తే, షెడ్డు కడిగినాక చాకీ వచ్చేదానికి పది, పదహైదు దినాలు ఉంటుంది. రెండో జ్వరం లేచిన పురుగు మన ఇంటికి వచ్చినాక, నాలుగో జ్వరం లేచేదానికి ఇంకో పది దినాలు. అంటే పురుగు తన జన్మలో తినే ఆకులో నూటికి ఎనభై పాళ్లు తినే ఆ చివరి వారం వచ్చేటప్పటికి మనం వదిలి మూడు వారాలు దాటి ఉంటుంది. కష్టమైన దినాలు పని తక్కువ ఉన్నప్పుడు అయిపోతాయి, పని ఎక్కువ ఉన్నప్పుడు మనిషి కుదుటపడి ఉంటాడు. అదే నాలుగో జ్వరం లేచినాక మొదలు పెడితే పురుగూ పాడు, సంసారమూ పాడు.

షెడ్డు కడిగే దినమంటే ఇంకో లాభం కూడా ఉంది. రోగం గాలి లేకుండా తట్టలు, స్టాండ్లు, చంద్రికలు అన్నీ బయట పెట్టి కడుగుతాము గదా, ఇంటినీ అట్లనే చూడాల. గూట్లో కట్ట, చొక్కా జేబులో సగం కాల్చిన ముక్క, బండి డబ్బాలో అగ్గిపెట్టె, మన చెంగు పొట్లం, వక్కల సంచిలో పుడి, అన్నీ తీసి పారేయాల. "అత్యవసరానికి ఒకటి" అని దాచి పెట్టొద్దు. మూల తట్టలో మిగిలిన రోగం పురుగు ఏం చేస్తుందో మనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

నోరు పీకేటప్పుడు ఏం చెయ్యాల? ఇది ముఖ్యం. బీడీ మీదికి మనసు లాగినప్పుడు, ఇంక తాగేదాకా అది పోదని అనిపిస్తుంది. అది నిజం కాదు. ఆ లాగుడు కొన్ని నిమిషాలే ఉంటుంది. మనం ఇయ్యకపోయినా అది తగ్గిపోతుంది. కాబట్టి "జన్మంతా తాగను" అని ఒట్టు పెట్టుకోకుండా "ఈ పది నిమిషాలు తాగను" అనుకుంటే చాలు. ఆ పది నిమిషాల్లో ఒక చెంబు నీళ్లు నిదానంగా తాగాల, నాలుగుసార్లు ఊపిరి బాగా లాగి వదలాల, చేతికి పని ఇవ్వాల. మల్బరీ కొమ్మ కత్తిరించేది, కలుపు తీసేది, చంద్రిక దుమ్ము దులిపేది, ఏదైనా సరే. నోటికి సోంపు, లవంగం, వేయించిన శనగలు. ఆకువక్క అలవాటున్న అక్కలకు ఒక మాట. పుడి తీసేసి వక్క మాత్రం ఉంచుకుంటామంటారు, వద్దు. వక్క కూడా నోటికి చేటు చేసేదే, పైగా నోట్లో వక్క పడితే వెనకాలే పుడి గుర్తొస్తుంది. పొద్దున తోటకు పోయేముందు రాగి అంబలో, రాత్రి మిగిలిన ముద్దో కడుపులో పడాల. వట్టి కడుపుతో ఉండే మనిషికి నోరు ఎక్కువ పీకుతుంది.

ఇద్దరి మధ్య కూడా కొన్ని కట్టుబాట్లు ఉండాల. మొదటి వారం ఇద్దరికీ కోపం ముక్కు మీదే ఉంటుంది. అది మనిషి కోపం కాదు, పొగాకు పోతా పోతా చేసే గలాటా. ఆ వారంలో అప్పు లెక్కలు, పుట్టింటి మాటలు, కూతురి సంబంధం, ఏదీ తీయొద్దు. ఒకరు కసురుకుంటే ఇంకొకరు బయటికి పోయి ఆవుకు మేత వేసి రావాల. నోరు వాసన చూసేది, జేబు వెతికేది లేదు. పిల్లలను గూఢచారులను చేసేది అసలే లేదు. దానికి బదులు ఒక్క మాట పెట్టుకోవాల. నోరు పీకితే దాచకుండా చెప్పేది. మా ఇంట్లో ఆయన "ఏమే, లాగుతాంది" అంటే నేను ఏ పనిలో ఉన్నా లేచి రెండు లోటాలు మజ్జిగ తెచ్చేదాన్ని. నేను అంటే ఆయన లేచేవాడు. ఇద్దరూ కూర్చొని తాగేటప్పటికి అది పోయేది. పెండ్లయి ఇన్నేండ్లకు మజ్జిగ తెచ్చిచ్చేది ఆయన నేర్చుకున్నది ఆ నెలలోనే.

మన పనిలో మళ్లీ పట్టుకునే చోట్లు మూడు ఉన్నాయి. వాటిని ముందే తెలుసుకొని పెట్టుకోవాల.

మొదటిది నాలుగో జ్వరం లేచినాక రాత్రి మేత. నిద్ర ఆపుకోవడానికి బీడీ కావాలంటారు. బీడీ నిద్రను ఆపేది కొంచెం సేపే. మేమేం చేశామంటే రాత్రి మేత ఇద్దరం కలిసి వేశాము. ఒకరే ఒంటరిగా అరుగు మీద కూర్చుంటే కదా బీడీ గుర్తొచ్చేది. ఇద్దరు వేస్తే పని సగం పొద్దుకు అయిపోతుంది, నిద్ర కూడా మిగులుతుంది.

రెండోది పురుగులు పండిన దినం. ఆ దినం కూలోళ్లు పది మంది వస్తారు. వాళ్లకు భోజనంతోపాటు బీడీ కట్ట, ఆకువక్క పెట్టేది మన దిక్కు మర్యాద. ఆ తట్ట తెచ్చి పెట్టేది మనమే, పంచేది మనమే. పంచేవాని చేతికి ఒకటి అంటుకోకుండా ఉంటుందా? ఈ మర్యాద మార్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. కూలోళ్లకు మనం తక్కువ చేయకూడదు, ఆ దుడ్డు వాళ్లకే చేరాల. బీడీ బదులు బొరుగులు, శనక్కాయలు, రెండుసార్లు టీ పెట్టండి, లేదంటే కూలిలో పది రూపాయలు కలిపి ఇయ్యండి. మొదటిసారి ఒకరిద్దరు గొణిగినారు. రెండో పంటకు ఎవరూ అడగలేదు.

మూడోది మార్కెట్ దినం. శిడ్లఘట్ట కానీ, హోసూరు కానీ, లాటు పోసి రేటు పడేదాకా గుండె దడదడ అంటుంటుంది. రేటు బాగా పడితే సంతోషానికి ఒకటి, పడకపోతే బాధకు ఒకటి. గేటు బయట టీ అంగడి కాడ నలుగురు స్నేహితులు. ఇక్కడ ఇంట్లో వాళ్లు పక్కన ఉండరు. అందుకే వదిలిన మొదటి పంటకు ఇద్దరూ కలిసి మార్కెట్‌కు పోవాలంటాను. గూడు మేపింది ఇద్దరం, అమ్మేటప్పుడు ఒక్కరే ఎందుకు? పోయేదానికి కుదరకుంటే లాటు పోసినాక ఫోన్ చేసి మాట్లాడుతూ ఉండాల.

ఇంత చేసినా ఎవరో ఒకరు ఒక దినం జారతారు. అప్పుడు ఇంట్లో జరిగే మాట, "నువ్వే తాగినావు, ఇంక నాకెందుకు". ఇద్దరం కలిసి చేసే పనిలో ప్రమాదం ఇదే, ఒకరు జారితే ఇంకొకరిని కూడా లాక్కొని పోతారు. దీనికి మన పనిలోనే బుద్ధి ఉంది. తట్టలో ఒక పాలు కారే పురుగు కనిపిస్తే తట్ట మొత్తం తీసుకొనిపోయి పారేస్తామా? ఆ ఒక్కదాన్ని ఏరి సున్నం నీళ్లలో వేసి, మిగతావాటిని కాపాడుకుంటాము. జారిన బీడీని కూడా అట్లనే ఏరి పారేయాల. ఎక్కడ, ఎవరితో ఉన్నప్పుడు, ఎందుకు అని చూసుకొని ఆ దారి మూయాల. ఇరవై దినాలు తాగకుండా ఉన్నది ఒక్క బీడీతో లేకుండా పోదు.

కొందరు అన్నలు అడుగుతారు, మా ఇంట్లో ఆమెకు ఏ అలవాటూ లేదు, మేమేం చేయాలని. అప్పుడు కూడా ఆమెను పోలీసును చేయొద్దు. మజ్జిగ తెచ్చే మనిషిని చేయండి. ఆమె కూడా ఆ నెల తనకు ఇష్టమైనది ఒకటి మానితే, టీ కానీ, రాత్రి సీరియల్ కానీ, వదిలేది ఎంత కష్టమో ఆమెకు కొంచెం తెలుస్తుంది. ఒకరు ఒప్పుకొని ఇంకొకరు ఒప్పుకోకుంటే, ఒప్పుకున్నవాళ్లు ఆగొద్దు, మొదలుపెట్టండి. రెండోవాళ్లను ఒక్కటే అడగండి, నా ఎదురుగా వద్దు, ఇంట్లో వద్దు అని.

పట్టుదల ఒక్కటే చాలదు అనిపిస్తే సిగ్గుపడాల్సింది లేదు. పొద్దున లేచీ లేవకముందే బీడీ కావాలనే వాళ్లకు మందు సాయం కావాల. మెడికల్ షాపులో నికోటిన్ చూయింగ్ గమ్ దొరుకుతుంది. దాన్ని ఆకువక్క మాదిరి గబగబా నమలకూడదు. కొంచెం నమిలి, ఘాటు తగలగానే చెంప పక్కన పెట్టుకోవాల, ఘాటు తగ్గినాక మళ్లీ కొంచెం నమలాల. గుండె జబ్బు ఉన్నవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా తీసుకోవద్దు. పొగాకు ప్యాకెట్ల మీద 1800-11-2356 అని నంబరు ఉంటుంది, అది పొగాకు వదిలేవాళ్లకు ఉచితంగా సలహా చెప్పే ప్రభుత్వ నంబరు. తెలుగులో, కన్నడలో, తమిళంలో కూడా మాట్లాడతారు. ఇద్దరూ పక్కపక్కన కూర్చొని స్పీకర్ పెట్టి మాట్లాడండి. ఇంకొక మాట, నోట్లో తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు వారాలైనా మానని పుండు, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం ఉంటే ఆలస్యం చేయకుండా చూపించుకోండి. వదిలినాక చూపించుకుందాం అని వాయిదా వేయొద్దు.

దుడ్డు మాట కూడా చెప్పి ముగిస్తాను. మా ఇంట్లో ఇద్దరిదీ కలిపి దినానికి 60 రూపాయలు అయ్యేది. ఏడాదికి 21,900. దాంట్లో ఎన్ని పంటలకు చాకీ వస్తుందో మీ ఊరి రేటుతో మీరే లెక్క వేసుకోండి. మీ ఇంటి లెక్క వేరే ఉంటుంది, గోడ మీద సున్నపు బలపంతో రాసి చూడండి.

శిక్షణకు పిలిచే అధికారులను, చాకీ కేంద్రాలవాళ్లను కూడా ఒకటి కోరుతున్నాను. షెడ్డులో పొగ తాగొద్దు అని ఒక వాక్యం చెప్పి వదిలేస్తారు, అదీ మొగోళ్లను కూర్చోబెట్టి. కడ్డిపుడి మాట ఎవరూ ఎత్తరు. శిక్షణకు ఇద్దరినీ పిలవండి. చాకీ ఇచ్చే దినం మందుల గురించి చెప్పేటప్పుడు, ఈ మాట కూడా ఇద్దరికీ కలిపి చెప్పండి.

ఈ వారం గూడు అమ్మేవాళ్లు మన గ్రూపులోనే చాలామంది ఉంటారు. షెడ్డు కడిగే దినం ఏదో ఇద్దరూ మాట్లాడి పెట్టుకోండి. పేర్లు రాయాల్సిన పని లేదు, "మేమిద్దరం మొదలుపెట్టినాము" అని ఒక్క మాట గ్రూపులో వేయండి. నాలుగో జ్వరం లేచిన రాత్రి నోరు పీకితే కూడా వేయండి. ఆ పొద్దుకు మేత వేస్తా మేలుకొని ఉండేవాళ్లు మనలో ఎవరో ఒకరు ఉంటారు, జవాబు చెప్తారు.